నాలుగో లెక్కకి

పెరంబూరు స్టేషను పక్క సైకిల్ స్టాండులో
ఎవరూ ఎక్కని ఒక సైకిలుకి
యాభై రెండేళ్లు నెల అద్దె కట్టిన ఇల్లు మాది.

అంబత్తూరులో పుట్టిన నల్ల హెర్క్యులిస్.
బియ్యం మూటలు మోసి మోసి
క్యారియర్ కాస్త ఎడమకి ఒరిగింది.
డెబ్బై ఒకటిలో, సెలవు అయిపోయిన రోజు,
మామ దాన్ని అక్కడ నిలిపి
తగరపు బిళ్ల జేబులో వేసుకుని రైలెక్కాడు.

ధనకోటి మామని నేను చూడలేదు.
నాకు తెలిసింది ఇరవై రెండేళ్ల దగ్గర ఆగిన ఒక ఫోటో,
అందులో నల్లగా పడ్డ టోపీ
(అది వంగపండు రంగని అమ్మ చెప్పాలి),
రెక్కల బ్యాడ్జీ, నవ్వు ఆపుకుంటున్న గడ్డం.
ఇంకా, మడతల దగ్గర చిరిగిన ఒక ఇన్లాండు కవరు:

"అమ్మా, విమానం తలుపులో నిలబడితే
గాలి చెంప మీద కొడుతుంది, అచ్చం నీలాగే.
దూకాక ఇంగ్లీషులో లెక్కపెట్టమంటారు, వేల చొప్పున.
నేను మాత్రం నీ లెక్కే పెడతాను.
లాభం, రెండు, మూడు, నాలుగు.
నాలుగుకి నెత్తిమీద గొడుగు విచ్చుకుంటుంది."

పేపర్ మిల్స్ రోడ్డులో మా తాయారవ్వది బియ్యం కొట్టు.
పడి నిండా పోసి, అరచేత్తో అంచు తుడిచి
ఒకటి అనేది కాదు, లాభం అనేది.
ఆరు దాటితే, ఆరున్నొక్కటి.
ఏడుపు మాట కొట్టులో పలకకూడదు.
స్టాండు ఏళుమలై పేరులోనూ అదే ఉందని
అతణ్ణి ఉట్టి 'మలై' అనే పిలిచేది.

తంతి వచ్చినప్పుడు
ఎవరికో పది పడులు కొలుస్తోందట.
పక్క మందుల కొట్టు కాంపౌండరు చదివి చెప్పాడు.
అప్పటికి నాలుగో పడి ఆమె చేతిలో ఉంది.
తలెత్తి పెంకుల కప్పుకేసి చూసిందట,
చాలాసేపు.
తర్వాత మిగతా ఆరూ కొలిచింది,
మళ్లీ లాభం నించి.
అటు తర్వాత ఎన్ని పడులైనా
ఆమె నాలుగు దాటి లెక్కపెట్టలేదు.

మరుసటేడు మామ పక్కన దూకిన కూర్గు కుర్రాడొకడు
కుంటుకుంటూ వచ్చాడు.
నది ఒడ్డు బురదలో బాగానే దిగామన్నాడు.
తూటా రెండో రోజు, వంతెన దగ్గర తగిలిందన్నాడు.
అవ్వ అడిగింది ఒక్కటే:
"నాలుగుకే విచ్చుకుందా, నాయనా?"
"నాలుగుకే, అమ్మా."
అప్పుడు లోపలికెళ్లి అతనికి అన్నం పెట్టింది.

ఏళుమలై ఆ సైకిలు తోసుకుని ఇంటికొస్తే
వీధిలోనే తిట్టిపోసింది:
"బిళ్ల లేకుండా ఎట్లా ఇస్తావయ్యా?
ఎవడి సైకిలైనా ఇట్లాగే ఇచ్చేస్తావా?"
నెల డబ్బు చేతిలో పెట్టి వెనక్కి పంపింది.

అలా మొదలైంది.
మొదటి ఆదివారం తాత వెళ్లేవాడు,
కొబ్బరినూనె సీసా, పాత పంచె ముక్క.
తాత తర్వాత అమ్మ.
అమ్మ వెంట నేను.
బెల్లు ఒక్కసారి కొట్టొచ్చు.
ఎక్కడం మాత్రం లేదు.
ఏళుమలై కొడుకు శేఖర్ డబ్బు వద్దంటే
అమ్మ సీటు కింద దోపి వచ్చేది.
అవ్వ పోయిన నెల కూడా ఆపలేదు.

మెట్రో పనికి స్టాండు తీసేస్తున్నారని
పోయిన ఏడాది ఫోను వచ్చింది.
అమ్మకి మోకాళ్లు. నేను వెళ్లాను.
ఖాళీ షెడ్డులో అదొక్కటే నిలబడి ఉంది.
"బిళ్ల?" అన్నాడు శేఖర్, నవ్వించబోయి,
మొహం తిప్పుకున్నాడు.

తోసుకునే వచ్చాను, వంతెన పైదాకా.
అక్కడ, దిగుడు మొదలయ్యే చోట,
నాకేమైందో,
యాభయ్యో పడిలో ఉన్న బ్యాంకు గుమస్తాని,
చీర కుచ్చెళ్లు దోపి ఎక్కి కూర్చున్నాను.
కాళ్లు నేల వదిలాయి.
లాభం.
రెండు.
మూడు.
చెంప మీద గట్టిగా కొట్టింది.
నాలుగు.
ఏదీ విచ్చుకోలేదు.
బ్రేకు కీచుమంది, వెనక బస్సు హారను కొట్టింది,
ఎవరో తమిళంలో చక్కగా తిట్టారు.

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.
చెరిగిన నా జుట్టు చూసింది, చక్రాలు చూసింది.
"గాలి చూశావా?" అంది.